సగమే చదివిన వాక్యం

ఆవిడకు పంతులమ్మ అని పేరు పెట్టింది కట్టుకున్నవాడే. లా కాలేజీలో పాఠాలు చెబుతుందని కాదు. ఎదుటివాళ్లు ఏ మాట తప్పు పలికినా, గోడ మీద ఏ అక్షరం తప్పు పడినా ఆవిడకు ముద్ద దిగదు, అందుకు. పెళ్లయిన కొత్తలో మొగుడి దుకాణానికి మొదటిసారి వెళ్లింది. ఆయనది కాలిపోయిన మోటార్లకు వైండింగు చేసే దుకాణం. లోపలికి అడుగు పెట్టకముందే తలెత్తి బోర్డు చూసి, 'మరమ్మతు'లో త కింద ఒత్తు ఎందుకుందని నిలదీసింది. పెయింటర్ని పిలిపించి దిద్దించేదాకా ఊరుకోలేదు. "బోర్డు బాగుపడింది, బేరాలే పెరగలేదు" అని ఆయన ఇప్పటికీ చెప్పి అందరినీ నవ్విస్తుంటాడు.

ఆవిడ చెప్పే పాఠం శరణార్థుల చట్టం. కాలేజీలో ఎవరికీ పట్టని సబ్జెక్టు. తన క్లాసుకి వచ్చేవాళ్లలో సగంమంది ఫ్యాను కింద చోటు కోసం వచ్చేవాళ్లేనని ఆవిడే అనేది. అయినా పట్టు వదల్లేదు. ప్రాణభయంతో దేశం దాటి వచ్చినవాళ్ల దగ్గర సాక్ష్యాలుండవు. ఉన్నదల్లా వాళ్ల నోటిమాటే. ఆ మాటను అధికారులు ఎప్పుడు నమ్ముతారు, ఎందుకు నమ్మరు అన్నది ఆవిడను ఏళ్ల తరబడి తొలిచిన ప్రశ్న. దాని మీద రాసిన వ్యాసాలు చూసి, ఆవిడకు యాభై దగ్గరపడుతుండగా, ఒక విదేశీ విశ్వవిద్యాలయం ఏడాదిపాటు తమ దగ్గరుండి పరిశోధన చేసుకొమ్మని పిలిచింది.

"నేను లేకపోతే మీ తిండి ఎలా?" అంది ప్రయాణం ముందు.

"నువ్వున్నప్పుడు మాత్రం వండేది ఎవరే?" అన్నాడాయన. అదీ నిజమే. "నేను మోటారు కాలిపోతే తీగ మార్చి తిప్పుతాను. నీ చట్టం కాలిపోతే ఏం మారుస్తావు?"

"చట్టం కాలదు లెండి. చదివేవాళ్ల బుర్రలే మాడుతుంటాయి" అని సూట్‌కేసు మూసింది.

అక్కడ ఆవిడకు ఇచ్చింది మూడో అంతస్తులో సన్నటి గది. కిటికీలోంచి చూస్తే సైకిళ్లు నిలిపే రేకుల షెడ్డు కనబడేది. ఆవిడ పనికి పెద్దదిక్కుగా ఉన్న ప్రొఫెసరు మర్యాదస్తుడు. తలుపు తట్టిన ప్రతివాళ్లకీ తనే లేచి కుర్చీ లాగి వేసే రకం. ఆయన మాట సాయంతో శరణార్థులుండే హాస్టలుకు వెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడటానికి అనుమతి దొరికింది.

హాస్టలంటే ఊరి చివర మూతపడ్డ ఆఫీసు భవనం. హాళ్లను ప్లైవుడ్ చెక్కలతో అడ్డంగా నిలువుగా కోసి గదులన్నారు. చెక్కలు పైకప్పుదాకా లేవు. ఒక మూల ఎవరైనా తుమ్మితే అన్ని కుటుంబాలూ ఉలిక్కిపడాల్సిందే. మెట్ల కమ్మీల మీద తడిబట్టలు ఆరుతుండేవి. అందరికీ కలిపి ఒకటే వంటగది. పొయ్యి కోసం వరస, వరసలో తగువులు.

పంతులమ్మ మొదటిరోజు లోపలికి వెళుతుంటే కోటు అంచు తలుపు గొళ్లేనికి పట్టుకుని బర్రున చిరిగింది. "అయ్యో, ఆగక్కా, ఆగు!" అని వెనకనుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆవిడ ప్రాణం లేచి వచ్చింది. సొంత భాష! యాస వేరు, అంతే. పిలిచినామె పంతులమ్మ దేశానికి ఆనుకుని ఉన్న దేశం మనిషి. సరిహద్దుకు అటూ ఇటూ మాట్లాడేది ఒకటే భాష.

ఆ మనిషి అక్కడికక్కడే జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, మోకాళ్ల మీద కూర్చుని కోటు కుట్టేసింది. హాస్టల్లోకి కత్తెర రానివ్వరు గనక దారం పళ్లతో కొరికింది. ఆవిణ్ణి అక్కడందరూ టైలరమ్మ అనేవారు. ముప్పై దాటిన మనిషి. కేసు తేలేదాకా బయట పని చెయ్యకూడదు కాబట్టి హాస్టల్లోవాళ్ల చినుగులు కుడుతూ కాలక్షేపం చేసేది. వెంట రెండో తరగతి ఈడు కూతురు. ఆ పిల్లకి అక్కడి భాష అప్పుడే పట్టుబడింది. వంటగది తగువుల్లో తల్లికి దుబాసీ అదే. అవతలివాళ్ల తిట్లను కూడా ఒక్కటి వదలకుండా తర్జుమా చేసి పెట్టేది.

అలా మొదలైన పరిచయం. పంతులమ్మ వారానికో రోజు వెళ్లేది. చాలామందితో మాట్లాడేది, వాళ్లు చెప్పింది ఎవరికీ చెప్పనని ముందే మాటిచ్చేది. పని అయ్యాక టైలరమ్మ చెక్కగదిలో చేరేది. ఇద్దరూ ఒకే మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, సొంత భాషలో ఎవరికీ అర్థం కాదన్న ధీమాతో పక్కగదుల వాళ్ల మీద చాడీలు చెప్పుకుని నవ్వుకునేవారు.

ఒకరోజు టైలరమ్మ తన కథ చెప్పింది. ఆమె మొగుడు నేతమిల్లులో గుమాస్తా. కార్మిక సంఘంలో తిరిగేవాడు. మాయమైపోయిన కార్మికుల గురించి నలుగురి చేతా వాంగ్మూలాలు ఇప్పించాడు. ఒక మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గర జీపు ఆగింది. ఆయన్ని ఎక్కించుకుని వెళ్లింది. మళ్లీ రాలేదు.

"నువ్వు చూశావా?" అని అడిగింది పంతులమ్మ.

టైలరమ్మ తలుపు కేసి చూసి గొంతు తగ్గించింది. "లేదక్కా. నేనింట్లో ఉన్నాను. గేటు కాపలాదారు వచ్చి చెప్పాడు. కానీ డబ్బు తీసుకుని మమ్మల్ని దేశం దాటించినవాడున్నాడే, వాడన్నాడు, విన్నానంటే నమ్మరు, కళ్లారా చూశానని చెప్పమని. ఇక్కడ దిగగానే మొదటిసారి అడిగినప్పుడు అలాగే చెప్పేశాను."

"తరవాత ఏమైంది?"

"రోజూ పోలీస్ స్టేషనుకి పోయి కూర్చునేదాన్ని. ఒకరోజు లోపలి ఆఫీసరు బయటికొచ్చి, నవ్వుతూ, 'రేపట్నుంచి వచ్చేటప్పుడు మీ పాపను కూడా తీసుకురా, మావాళ్లు ఆడిస్తారు' అన్నాడు. ఆ మర్నాడే ఊరొదిలేశాను."

పంతులమ్మ చటుక్కున అడిగింది, "ఇది చెప్పావా వాళ్లకి?"

"చెప్పలేదు. అది చిన్న విషయం, కేసు పలచనైపోతుంది అన్నాడు వాడు."

అసలు కేసు అదే. శరణు ఇవ్వడానికి ఆ ఒక్క మాట చాలు. పంతులమ్మ ఆ సంగతి విడమరిచి చెప్పి, ఆమె తరఫున వాదించే ఉచిత న్యాయసహాయం లాయరమ్మాయికి అన్నీ చెప్పమంది. టైలరమ్మ స్టేషను సంగతి ఒప్పుకుంది గానీ, చూశానన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవడానికి భయపడింది. ఒకసారి అబద్ధమాడానని ఒప్పుకుంటే మిగతాదంతా అబద్ధమనరా అని ఆమె బెంగ. ఆ బెంగలో తప్పేమీ లేదని పంతులమ్మకూ తెలుసు.

అలాంటి కథలు హాస్టల్లో చాలానే విన్నది. అందరిలోనూ నిజమైన భయం, దాని మీద దాటించినవాళ్లు అద్దిన రంగు. ఆ పరిశోధన మీద విశ్వవిద్యాలయంలో ఒక పత్రం చదివింది. ఎవరి ఆనవాలూ లేకుండా జాగ్రత్తగా రాసింది. అందులో ఒక వాక్యం: "ఈ ప్రాంతం నుంచి వచ్చినవారిలో అధికులు తమను దాటించినవారు నేర్పిన మాటలనే అధికారుల ముందు చెబుతున్నారు గానీ, ఆ మాటల అడుగున ఉన్న ప్రాణభయం మాత్రం నిజమైనది కనుక, నేర్చుకున్న మాట దొరికినంత మాత్రాన మనిషిని అబద్ధికుల కింద జమకట్టడం అన్యాయం."

"వాక్యం పొడుగైంది. రెండు చేస్తే బావుంటుందేమో" అన్నాడు ప్రొఫెసరు.

"విడగొడితే అర్థం చెడుతుందండీ" అని పట్టుబట్టింది. పత్రం అందరికీ నచ్చింది. విశ్వవిద్యాలయం దాన్ని అందరూ చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టింది. ఆ సాయంత్రం మొగుడికి ఫోన్ చేసి చిన్నపిల్లలా చెప్పుకుంది.

టైలరమ్మ విచారణ చలికాలంలో వచ్చింది. "నువ్వు వెనక కూర్చోక్కా, నాకు ధైర్యంగా ఉంటుంది" అని ఆమే అడిగింది. ఆమె ఒప్పుకుంది గనక పంతులమ్మను పరిశీలకురాలిగా కూర్చోనిచ్చారు. నోరు మెదపకూడదన్నది షరతు.

కిటికీలు లేని గది. గుర్రపునాడా ఆకారంలో బల్లలు, ప్రతి చోటా మంచినీళ్ల గ్లాసు. టైలరమ్మ బాగానే చెప్పుకొచ్చింది. స్టేషను సంగతి కూడా దాచకుండా చెప్పింది. అప్పుడు సర్కారు వకీలు లేచాడు. ఇంత ముఖ్యమైన సంగతి మొదటిసారి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదన్నాడు. భయమేసిందంది. ఆయన సరేనని తలూపి, చేతిలోని కాగితం పైకెత్తి, "ఈ ప్రాంతంవాళ్ల గురించి స్వయంగా శరణార్థుల పక్షాన పనిచేసే ఒక పండితురాలు ఏమంటున్నారో వినండి" అని చదివాడు. "అధికులు తమను దాటించినవారు నేర్పిన మాటలనే అధికారుల ముందు చెబుతున్నారు." అక్కడ ఆపి కాగితం కింద పెట్టాడు.

పంతులమ్మకు ఒక్కక్షణం అది తన వాక్యమని కూడా తట్టలేదు. తట్టాక అరికాలి మంట నెత్తికెక్కింది. "పూర్తిగా చదవండి! వాక్యం అక్కడ అయిపోలేదు!" అని లేచి అరిచింది. విచారణ అధికారి ఆవిణ్ణి బయటికి పంపేశాడు. తలుపు మూసుకుంటుండగా దుబాసీ ఆ వాక్యాన్ని టైలరమ్మకు తర్జుమా చేస్తున్న గొంతు వినబడింది. ఆమె తలతిప్పి వెనక ఖాళీ అయిన కుర్చీ కేసి చూసింది.

శరణు నిరాకరించారు. తీర్పులో ఆ సగం వాక్యం ఉంది.

పంతులమ్మ హాస్టలుకు పరిగెత్తింది. తిడుతుందనుకుంది. టైలరమ్మ తిట్టలేదు. "నా పేరు రాయలేదన్నావు కదక్కా. మరి నన్నెలా పట్టుకున్నారు?" అంది.

"నిన్ను కాదు చెల్లీ. అందరినీ పట్టుకోవడానికి వాడుతున్నారు."

"అందరి సంగతీ నాకెందుకు" అంది టైలరమ్మ.

అప్పీలుకు వెళ్లారు. లాయరమ్మాయి పంతులమ్మను సాక్షిగా పిలుస్తానంది. వాక్యం రాసిన మనిషే వచ్చి దాని అర్థమిదీ అని చెబితే అంతకుమించిన వాదన ఏముంటుందని ఆమె ఆశ. ప్రొఫెసరు నీళ్లు నమిలాడు. "ఆలోచించుకోండి. అక్కడ మనం అడగాలని కోరుకున్నవి మాత్రమే అడగరు" అన్నాడు. ఆ మాట పిరికితనమనుకుంది పంతులమ్మ.

ముందురోజు టైలరమ్మే ఆవిడ గదికి వచ్చింది. మంచం అంచున కూర్చుని, కోటు బొత్తాలు విప్పకుండానే, "ఆ వకీలు నిన్ను అడుగుతాడు. ఈమె తనకి నేర్పించారని నీతో అందా అని" అంది.

"అడిగితే చెప్పను. మీరు నాతో చెప్పింది ఎవరికీ చెప్పనని మాటిచ్చాను కదా. ఆ హక్కు నాకుంది."

"చెప్పననడం కాదక్కా. అనలేదని చెప్పు. ఒక్క మాట. అనలేదు, అంతే."

పంతులమ్మ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని టైలరమ్మ ఒప్పుకోలు అనుకుందో, బతిమాలితే పలచనవుతానని అనుకుందో, లేచి వెళ్లిపోయింది.

అప్పీలు వినే ట్రిబ్యునల్ అధ్యక్షురాలు నెరిసిన జుట్టు మనిషి. మెత్తగా మాట్లాడేది. పంతులమ్మ చేత ప్రమాణం చేయించారు. మొదటి గంట హాయిగా గడిచింది. వాక్యం మొత్తం చదివి వినిపించింది, ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది. అధ్యక్షురాలు శ్రద్ధగా రాసుకుంది. లాయరమ్మాయి ముఖం వెలిగింది.

తరవాత వకీలు లేచి సరిగ్గా ఆ ప్రశ్నే అడిగాడు. "భర్తను తీసుకెళ్లడం కళ్లారా చూశానన్న మాట ఎవరో నేర్పిందని ఈమె మీతో అన్నారా?"

"నాతో మాట్లాడినవాళ్లు చెప్పింది బయటపెట్టనని మాటిచ్చాను. జవాబు చెప్పను."

"ఆ మాట కాపాడేది ఆమెనే కదండీ" అంది అధ్యక్షురాలు మెత్తగానే. "ఆమె వద్దంటే నేను ఒత్తిడి చెయ్యను. ఆమెనే అడుగుదాం." దుబాసీ టైలరమ్మ వైపు వంగి చెప్పాడు. లాయరమ్మాయి గాభరాగా ఆమె చెవిలో ఏదో చెప్పబోయింది. టైలరమ్మ వినిపించుకోలేదు. నేరుగా పంతులమ్మ కళ్లలోకి చూసి, సొంత భాషలో, దుబాసీ అక్కరలేకుండా అంది.

"చెప్పక్కా. పరవాలేదు, చెప్పు."

ఆ చూపులో ఎంత నమ్మకముందో పంతులమ్మకు తప్ప ఆ గదిలో ఎవరికీ తెలియదు. 'అనలేదు' అని రెండు పెదాలు కదిపితే అయిపోయేది. నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. న్యాయమని కాదు, భయమనీ కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని మనిషికి, తెలిసి తెలిసి తప్పు పలకడానికి నాలుక తిరగలేదు.

"అవును, అంది" అని ఆ దేశపు భాషలో అంది.

దుబాసీ దాన్ని తర్జుమా చేసేలోపు ఒక చిన్న ఎడం. ఆ ఎడంలో టైలరమ్మ ఇంకా ఆశగానే చూస్తోంది. అప్పుడు మాట ఆమెకు చేరింది. ముఖంలో కోపం రాలేదు, కన్నీళ్లు రాలేదు. పైట సర్దుకుని చూపు బల్ల మీదికి దించుకుంది.

పంతులమ్మ గబగబా మిగతాదంతా చెప్పింది. స్టేషను ఆఫీసరన్న మాట మొదటి విచారణకు ఎంతో ముందే తనతో చెప్పిందనీ, నేర్పింది ఆ ఒక్క ముక్కేననీ, పిల్లను తలచుకుని ఆ రోజు ఎలా వణికిందో తను చూశాననీ చెప్పింది. అధ్యక్షురాలు అదంతా కూడా రాసుకుంది.

తీర్పు వచ్చింది. సాక్షి నిజాయితీని ట్రిబ్యునల్ అభినందించింది. ఇంత నిజాయితీపరురాలైన సాక్షే ఒప్పుకున్నందున అప్పీలుదారు మాట నమ్మదగింది కాదని తేల్చింది. స్టేషను సంగతి గురించి ఒక్క ముక్క లేదు.

నడవాలో టైలరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ఎదురొచ్చింది. పంతులమ్మ ముందుకు కదిలింది. "నిన్ను ఒక్క మాట అడిగాను" అని మాత్రం అని, టైలరమ్మ పక్కనుంచి వెళ్లిపోయింది.

ఆ తరవాత పంతులమ్మ హాస్టలుకు ఎన్నిసార్లు వెళ్లినా ఆమె కిందికి రాలేదు. పిల్ల మెట్ల మీద సగందాకా దిగి, "అమ్మ రానంటోంది" అని చెప్పి ఎక్కిపోయేది. ఒకరోజు పిల్ల కూడా రాలేదు. పైకి వెళ్లి చూస్తే ఆ చెక్కగదిలో వేరే కుటుంబం సామాన్లు విప్పుకుంటోంది. తల్లీకూతుళ్లను వాళ్ల దేశానికే తిరిగి విమానం ఎక్కించేశారని వంటగదిలో ఎవరో చెప్పారు.

ఇంకో ఏడాది ఉండిపొమ్మని విశ్వవిద్యాలయం అడిగింది. ఆవిడ ఉండలేదు. పత్రాన్ని తీసెయ్యమంది. అచ్చయినదాన్ని తియ్యడం కుదరదు, కింద వివరణ చేర్చుకోవచ్చు అన్నారు. చేర్చింది. వివరణలు చదివేదెవరు?

ఇంటికి వచ్చాక మొగుడికి అంతా చెప్పింది. ఆయన మోటారు విప్పి ముందు పెట్టుకుని, కాలిన తీగ ఊడదీస్తూ విన్నాడు. చెప్పడం అయ్యాక ఆవిడే అడిగింది, "మీరైతే ఏం చేసేవారు?"

"నేనైతే అనలేదనే చెప్పేవాణ్ణి" అన్నాడు తలెత్తకుండా.

ఆవిడ చీర దులుపుకుంటూ లేచింది. ఆయన వెంటనే, "నేను నీలాంటివాణ్ణి కాదు గదా" అన్నాడు. ఆ మాట ఓదార్పో నిందో ఆయనకే తెలియదు. ఆవిడ కూడా అడగలేదు.

ఇప్పుడు ఏ దేశంలో ఏ ట్రిబ్యునల్ ఆ సగం వాక్యం ఎత్తుకున్నా, అక్కడి లాయర్లు ఆవిడకు కబురు పెడతారు. ఆవిడ పూర్తి వాక్యానికి అర్థం చెబుతూ అఫిడవిట్లు పంపుతుంది. కొందరు గెలిచారు. ఓడినవాళ్లే ఎక్కువ. స్వయంగా సాక్ష్యానికి మాత్రం ఇక ఎవరు పిలిచినా వెళ్లలేదు. క్లాసులో ఎవరైనా పిల్లలు తప్పు పలికితే ఒక్కోసారి వినీ విననట్టు ఊరుకుంటుందని కాలేజీలో చెప్పుకుంటారు.

టైలరమ్మ కోసం వెతకని చోటు లేదు. హాస్టల్లో పరిచయమైనవాళ్లను పట్టుకుని, వాళ్ల చుట్టాల ద్వారా, చివరికి పిల్ల ఉన్న ఇంటి ఫోన్ నంబరు సంపాదించింది. ఫోన్ తీసింది పిల్ల పిన్ని. విమానాశ్రయంలో దిగీ దిగగానే అక్కను పక్కకు పిలిచారనీ, పిల్లను తన చేతికి అప్పగించారనీ, అక్క మళ్లీ కనబడలేదనీ గడగడా చెప్పింది. వెళ్లి అడగడానికి కూడా తమకు భయమంది. ఇంతలో ఎవరో ఫోన్ లాక్కున్న చప్పుడైంది.

"మీరు పెద్దమ్మేనా? కోటు పెద్దమ్మ?"

"అవునమ్మా."

"అమ్మ ఎక్కడుందో మీకేమైనా తెలిసిందా?"

"లేదమ్మా. కనుక్కుంటూనే ఉన్నాను."

అవతల పిల్ల ఊపిరి వినిపించింది. "నిజమే చెబుతున్నారా?" అని అడిగింది.

"నిజమే" అంది పంతులమ్మ. పిల్ల ఫోన్ పెట్టేసింది.